పచ్చది నొక్కాలి

చదివేవాళ్లకు అనుమానం మిగలడం గిరీశ్‌కు గిట్టదు. జహీరాబాద్‌లో ఇంట్లోనే కూర్చుని, డేటాబేస్ బాగోగులు కనిపెట్టి చూసే ఒక సాఫ్ట్‌వేర్‌కు వాడుక వివరాలు రాస్తాడు. ఏ కమాండ్ టైపు చేస్తే ఏం తెలుస్తుందో విడమర్చడం అతని పని. "ఐదు" అని ఉన్నచోట ఐదు సెకన్లా, నిమిషాలా అన్నది తేలేదాకా కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, చెవి వెనక గీరుకుంటూ చాయ్ చల్లార్చుకుంటాడు. ఆ అలవాటు ఇంటి గోడలకూ పాకింది. నీళ్ల మోటారు స్టార్టరు పక్కన అతను అంటించిన కాగితంలో ముందు జాగ్రత్తలు, తర్వాత మినహాయింపులు, వాటి కింద గమనికలు ఉంటాయి.

మొన్నామధ్య అతను కోహీర్ వెళ్లినప్పుడు, చుట్టాలు భోజనానికి లేవబోతుండగా ట్యాంకు ఖాళీ అయింది. ఎప్పుడూ మోటారు వేయని భార్య రేఖ ఆ కాగితాన్ని శ్రద్ధగా చదివి, సగంలో ఫోన్ చేసింది.

"ఏది నొక్కాలెనో ఒక్క ముక్కల చెప్పున్రి."

"మూడో పేరాల రాసిన గద. ముందుగాల వోల్టేజ్ చూడాలె, అటెన్క..."

"కరెంటు పోయింది" అంది రేఖ.

చుట్టాలు పక్కింటి బిందెనీళ్లతో చేతులు కడుక్కున్నారు. సాయంత్రం వచ్చిన గిరీశ్ ఆ కాగితం చింపి, "పచ్చది నొక్కాలి" అని పెద్ద అక్షరాలతో రాసి అంటించాడు. మర్నాడు ఆఫీసు పేజీల్లోనూ ప్రతి వివరణకు పైన, టైపు చేయాల్సిన ఒక్క వరుసను ముందు పెట్టాడు. అక్కడ మెచ్చుకున్నారు. మనిషి మారాడని రేఖ కూడా నమ్మింది. వారం తిరక్కుండానే మోటారు వేయబోతూ చూస్తే, ఆ పెద్ద అక్షరాల కింద చీమతలకాయంత అక్షరాలు కనబడ్డాయి: "కరెంటు ఉంటేనే."