రాహేలమ్మ మేఘం

"పడిపోతుంది టీచర్, నేను ఎత్తుకుంటాను," అన్నాను రాహేలమ్మతో.

వంకర పాదంతో పుట్టిన నా కూతురు ఫెబాకు నంద్యాలలో ఆపరేషన్ అయింది. బయాలజీ చదివినవాణ్ణి, ఎముక బాగుందని ఎక్స్‌రేలో నేనే చూశాను. అయినా భయం పోలేదు.

రాహేలమ్మ మా అత్తగారి ఊరు ఆళ్లగడ్డలో మిరపకోతకు వెళ్తుంది. ఆదివారం చర్చిలో పిల్లలకు బైబిలు చెబుతుంది. దేవుడు మేఘంతో దారి చూపగా ఇశ్రాయేలీయులు కనాను దేశానికి చేసిన అరణ్య ప్రయాణాన్ని మాత్రం పిల్లల్ని నడిపించి నేర్పుతుంది. ఇద్దరు యువకులు కర్రల మీద ఎత్తిపట్టిన తెల్ల దుప్పటే ఆ మేఘం. అది కదిలితే అందరూ కదలాలి, ఆగితే ఆగాలి. పోలియో వల్ల ఆమె ఒక కాలు ఈడుస్తూ నడుస్తుంది. చిన్నప్పుడు తోటిపిల్లలు ఆమెను వదిలేసి బడికి పరుగెత్తేవారట.

ఆ ఆదివారం పిల్లలతో పాటు నడుస్తూ, చర్చి ఆవరణ సగం దాటాక ఫెబా పడింది. నేను ఉరికాను. రాహేలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"యాడికప్పా? ఆడనే నిలబడు. రేయ్, మేఘం ఆపండ్రా!"

దుప్పటి ఆగింది.

"కనాను యాడికీ పోదులే, కూసోండి. ఆ దారిలోనే మిర్యామనే ఆమెకు రోగమొచ్చి గుడారాల పాళెం బయట ఉంటే, ఆమె వచ్చేదాకా జనమంతా ఆగినారు. మన ఫెబా కోసం ఆగలేమా?"

ఫెబా నేలకు చేతులు ఆనించి లేచింది, మళ్లీ పడింది. పిల్లలెవరూ కదల్లేదు. ఈసారి లేచి నిలబడింది. మేఘం కదిలింది. గేటు దగ్గర సున్నంతో గీసిన యొర్దాను నదిని, కనాను పొలిమేరను, దాటుతూ, "నాయనా, నేనే దాటినా!" అని అందరికంటే గట్టిగా అరిచింది.

నేను కళ్లు తుడుచుకుంటుంటే రాహేలమ్మ చెప్పిన మాటనే ఇప్పటికీ పాటిస్తున్నాను:

"ఎత్తుకోవద్దప్పా, ఇడిచిపెట్టి పోవద్దు. లేచేదాకా పక్కన నిలబడు, సాలు."