పచ్చయమ్మ బుట్టలో ఇరవై ఆల్చిప్పలు

టక్. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ టక్.

కుందారపల్లి దగ్గర హైవే దిగి చెరువుగట్టు ఎక్కుతుంటే, లారీల హోరు వెనకబడ్డాక నాకు వినబడింది ఆ చప్పుడే. గట్టు అవతల, నురగ తేలుతున్న నీళ్ళకి రెండడుగుల ఎడంగా కూర్చుని, పచ్చయమ్మ ఒక ఆల్చిప్పను గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటోంది. ప్రాణమున్నది మొద్దుగా పలుకుతుంది. లేనిది డొల్లగా. పక్కన కుప్పలో ఉన్నవన్నీ నోరు తెరిచినవే. తెలిసీ కొట్టి చూస్తుంది.

ఈ చెరువులో ఆమె ముప్పై ఏళ్ళు చేపలు పట్టింది. నాలుగేళ్ళుగా ఫ్యాక్టరీల వైపు నుంచి వచ్చే వంక నురగ తెస్తోంది, చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. ఆ నీళ్ళు ఆపించమని ఊరివాళ్ళు అర్జీ పెట్టారు. అధికారులు రుజువు కావాలన్నారు.

రుజువు కోసం వచ్చింది కలైవాణి, కాలేజీలో పరిశోధన చేసే పిల్ల. ఎక్కడో మంచి నీళ్ళలోంచి తెచ్చిన ఇరవై ఆల్చిప్పలను కమ్మీబుట్టలో పెట్టి చెరువులో వేలాడదీసింది. సముద్రపు ఒడ్డున కూడా ఇలాగే చేస్తారంది. ఆల్చిప్ప పారిపోలేదు. ఉన్నచోటే ఉండి నీళ్ళు తాగుతుంది, నీళ్ళలో ఉన్నదంతా దాని ఒంట్లో చేరుతుంది.

బుట్టను పచ్చయమ్మకి అప్పగిస్తూ, "నెలనెలా వస్తానమ్మా. ఎన్ని చచ్చినాయో రాసుకుంటాను. బతికిండేవి ఒకటి రెండు కోసి చూస్తాను," అంది.

పచ్చయమ్మ చిన్నప్పుడు పరాయివాళ్ళ మేకలు మేపింది. మనల్ని నమ్మి అప్పగించిన మేక చస్తే, వాళ్ళు అడగకముందే మన మందలోంచి ఇంకొకటి తెచ్చి కట్టేయాలి. అది పచ్చయమ్మ పుట్టింటి మర్యాద. మొదటి వారమే ఏడు చిప్పలు నోరు తెరిచాయి. ఆమెకి సిగ్గేసింది. సామల్పట్టి దగ్గర పుట్టినూరి కుంటలో దిగి ఏడింటిని ఏరి, తడి గోతంలో చుట్టి, రెండు బస్సులు మారి తెచ్చింది. తర్వాత ప్రతి వారం తెచ్చింది.

"ఆడోళ్ళకి బస్సు ఫ్రీ. గోతంలో ఉండేవి ఆడవా మగవా?" అని కండక్టర్ ఏడిపించేవాడు.

"మొగునికి కూడా ఇంత చేసిండవు గదమ్మే!" అంది పక్కింటి పాపక్క.

"ఆయప్ప నీళ్ళు తాగి సావలేదు గదక్కా, సారాయి తాగి సచ్చె."

ఎనిమిది నెలలకి రిపోర్టు వచ్చింది. కలైవాణే తెచ్చి గట్టు మీద చదివి వినిపించింది. ఒక్క ఆల్చిప్పా చావలేదు, కోసినవాటి ఒంట్లోనూ విషం పెద్దగా లేదు, ఈ నీళ్ళు ప్రాణులకి హాని చేస్తున్నట్టు లేదు. అర్జీ మూసేశారు.

"ఎట్లా బతికినాయో నాకే అర్థం కాలేదమ్మా."

"నేను సావనిస్తానా? సచ్చినవాటికంతా మార్చి పెట్టినాను. నూటపదకొండు," అంది పచ్చయమ్మ, మెచ్చుకుంటుందని.

కలైవాణి గట్టు మీదే ఏడ్చింది. జరిగింది పైవాళ్ళకి రాసింది. లెక్క చెడిన పరిశోధనకి రెండోసారి అవకాశం లేదని జవాబొచ్చింది. ఆ పిల్ల మళ్ళీ రాలేదు.

తనే ఒక బుట్ట కట్టి, ఈసారి చచ్చినవాటిని చచ్చినట్టే చూపిద్దామని పచ్చయమ్మ పుట్టినూరి కుంటకి పోయింది. మోకాలి లోతు బురదలో పొద్దంతా చేతులతో తడిమింది. ఒక్కటీ తగల్లేదు. ఉన్నవన్నీ తానే ఏరి, చల్లగా తడిపి, ఒళ్ళో పెట్టుకుని తెచ్చి ఈ చెరువుకి ఇచ్చేసింది.

గాలి లేచింది. నురగ ముక్కలు గట్టెక్కి ఆమె పాదాల మీద వాలుతున్నాయి, ఎక్కడికీ ఎగరలేని తెల్లని పిట్టల్లా. ఆమె దులుపుకోలేదు. కుప్పలోంచి పెద్ద చిప్ప ఒకటి ఏరి నా చేతిలో పెట్టింది.

"మామిడికాయ చెక్కు తీసేదానికి బాగుంటాదప్పా, తీసకపో. ఈడ మాత్రం కడగొద్దు."