పౌలు మావయ్య చేసిన డ్రమ్, నేను ఇవ్వని సామాను

నిన్న పొద్దున్న స్కూల్లో అటెండెన్స్ తీసుకుంటుంటే ఫోన్ మోగింది. కట్ చేశాను. మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేశాను.

మూడోసారి ఎత్తితే మా తమ్ముడు. మా వైపు అక్కని అప్పా అనే పిలుస్తారు. "అప్పా, పౌలు మావయ్య మరి లేడు."

ఏ మావయ్య అని అడిగాను. మా అమ్మకి ఉన్నది ఒక్క తమ్ముడే.

పొద్దున్నే టీ తాగుతూ పక్కకి ఒరిగిపోయాడట. అంతే.

అప్పటినుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. ఇది కూడా నిలబడే టైప్ చేస్తున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

మావయ్య ఊరు జి.మాడుగుల దాటాక ఉంటుంది. కొంచెం కాఫీ తోట, ఇంటి పక్కన రేకుల షెడ్డు, అందులో ఒక లేత్. మంచం కోళ్ళు, అప్పడాల కర్రలు, ఉయ్యాల గుబ్బలు తిప్పేవాడు. మనిషి కుదురుగా ఉండేవాడు కాదు. పాస్టర్ గారి ప్రసంగం అయ్యేలోపు మూడుసార్లు బయటికి వెళ్ళొచ్చేవాడు.

నేను అరకులో మా చర్చిలో డ్రమ్స్ వాయిస్తాను. మా స్నేర్ డ్రమ్, అంటే అడుగున తీగలు కట్టిన చిన్న డ్రమ్, పాతబడి రేకు డబ్బాలా మోగేది. పోయిన వేసవిలో మావయ్యకి ఒక వీడియో చూపించాను. చెక్క పలకలు నిలువుగా పేర్చి, గుండ్రంగా అతికించి, లేత్ మీద తిప్పి చేసే స్నేర్. ఇంగ్లీషు ముక్క రాకపోయినా ఆ వీడియో అరిగేదాకా చూశాడు.

"ఇది నీను సేత్తాను. ఇనప సామాను నువ్వు తే" అన్నాడు.

ఒప్పందం అదీ. చెక్క ఆయనది. పైన కింద తోళ్ళు, రింగులు, వాటిని బిగించే లగ్‌లు, బోల్టులు, అడుగున కట్టే తీగలు నావి.

ఆ సామాను నేను ఇవ్వలేదు. ఈ పోస్ట్ రాస్తున్నది అందుకే.

తోటలో గాలికి పడిపోయిన సిల్వర్ ఓక్ ఉంటే, దాని పలకలు పొయ్యి పైన అటక మీద పెట్టి పొగకి ఎండబెట్టాడు. ఇరవై పలకలు, అంచులు ఏటవాలుగా కోసి, జిగురు పూసి, చుట్టూ పాత సైకిల్ ట్యూబ్ లాగి కట్టాడు.

చివరి పలక దగ్గర అగ్గిపుల్ల దూరేంత సందు వచ్చింది.

రంపపు పొట్టులో జిగురు కలిపి పూడ్చేయ్ మావయ్యా, కొంచెమే కదా, ఎవరికి కనిపిస్తుంది అన్నాను.

"కొంచెమేటే గుంటా? ఇరవై ముక్కలూ కొంచెం కొంచెమే తప్పినాయి. అందుకే ఇంత సందు."

ట్యూబ్ విప్పి మొత్తం ఊడదీశాడు. నాకు ఒళ్ళు మండింది. మళ్ళీ ఇరవై పలకలు కోయడానికి వానాకాలం అంతా పట్టింది. మంచం కోళ్ళ లేత్‌కి అంత పెద్ద గుండ్రం పట్టకపోతే కింద దిమ్మలు పెట్టి ఎత్తు పెంచాడు.

ఈలోపు క్రిస్మస్ దగ్గరపడింది. నాకు ఓపిక లేదు. ఆన్‌లైన్‌లో స్టీల్ స్నేర్ కొనేశాను. మావయ్యకి చెప్పలేదు.

ఎవరో చెప్పారు. ఆయనే ఫోన్ చేశాడు. తిడతాడనుకున్నాను.

"కొన్నావంట కదే. మంచి పని. నాది కూడా తిప్పడం అయిపోనాది. సామాను ఎప్పుడు తెత్తావు?"

వచ్చే ఆదివారం అన్నాను. సిగ్గేసి వెళ్ళలేదు. తర్వాతి ఆదివారం కూడా అంతే చెప్పాను. అలా మూడు నెలలు. సామాను బాక్స్ మా మంచం కిందే ఉంది. ఆయన ఫోన్ చేసినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పి పెట్టేసేదాన్ని. ఛీ.

నిన్న ఆ బాక్స్ పట్టుకుని బస్సెక్కాను. పాడేరులో బస్సు ఆగితే దిగి అటూ ఇటూ నడిచాను. ఇప్పుడు దేనికి తీసుకెళ్తున్నానో నాకే తెలీదు.

షెడ్డులో డ్రమ్ ఉంది. లోపలా బయటా నున్నగా తిప్పేసి, అంచులు తీర్చి ఉంది. లగ్‌ల కొలత తెలీదు కాబట్టి చుట్టూ పెన్సిల్‌తో ఎనిమిది గీతలు గీసి ఆపేశాడు.

ఇవాళ మూడింటికి సమాధి కార్యక్రమం అన్నారు. పొద్దున్న అత్త షెడ్డులోకి వచ్చి నన్ను చూసింది. బాక్స్ చూసింది. చిల్లులు వేసే చేతి బర్మా తీసి నా చేతిలో పెట్టింది. కరెంటు లేదు.

లగ్‌కి రెండేసి, తీగల బిగింపుకి నాలుగు, గాలికి ఒకటి, మొత్తం ఇరవై ఒక్క చిల్లులు. నేను తిప్పుతుంటే డ్రమ్‌ని అత్త ఒళ్ళో పట్టుకుంది. ఒక సంఘ పెద్ద వచ్చి, ఆయన్ని అక్కడ ఒదిలేసి ఇదేటమ్మా అని అడిగాడు.

"అక్కడ కూకుంటే లేత్తాడేటి? ఇది పట్టుకుంటే అవుద్ది" అంది అత్త. "నువ్వు బేగి కానీయే."

తొందరలో ఒక చిల్లు వంకర పోయింది. అక్కడ బోల్టు సరిగ్గా బిగియలేదు.

పాడుకుంటూ మావయ్యని కొండ కిందికి తీసుకెళ్ళాం. పెట్టె వెనకే నేను వాయిస్తూ నడిచాను. గొప్పగా మోగిందని అబద్ధం చెప్పను. ఆ బోల్టు దగ్గర జిర్రుమంటూనే ఉంది. కానీ చెక్క గొంతు మాత్రం బాగుంది మావయ్యా, నా స్టీల్‌ది దీని ముందు పనికిరాదు.

మట్టి వేశాక అత్త నా దగ్గరికి వచ్చింది. డ్రమ్ మీద చెయ్యి వేసి చూసింది.

"క్రిస్మస్‌కే అయిపోయీది గదే ఇది" అంది.

కోపంగా అనలేదు. అదే తట్టుకోలేకపోతున్నాను.

నీది ఏదీ ఆలస్యం కాలేదు మావయ్యా. నాదే. నన్ను క్షమించు.

ప్రభువు నీకు నెమ్మది ఇవ్వాలి. అత్తకి కూడా. నా సంగతి తర్వాత చూసుకోమను.