ఫ్రీవే పక్క ఇంటి నుంచి హో అడవి నిశ్శబ్దంలోకి

నాకు నలభై రెండేళ్లు. ఉప్పు తగ్గించి తింటాను, రోజూ నడుస్తాను, మా ఇంట్లో ఎవరికీ బీపీ లేదు. అయినా పోయిన వేసవిలో మూడుసార్లు చూపించుకుంటే మూడుసార్లూ ఎక్కువే వచ్చింది. మా డాక్టర్ ఏవేవో అడిగి, చివరికి పడకగది కిటికీ ఎటువైపు ఉంటుందని అడిగింది. రెడ్‌మండ్‌లో మా అపార్ట్‌మెంట్ కిటికీ తెరిస్తే ఎదురుగా రాత్రీపగలూ వాహనాలు పరుగెత్తే ఫ్రీవే. మనం నిద్రపోయినా చెవి నిద్రపోదని ఆవిడ చెప్పింది. లారీ హోరు వినగానే మెదడు దాన్ని ప్రమాదంగా లెక్కేసి ఒత్తిడి హార్మోన్లు వదులుతుందట. గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే నాళాల లోపలి పొర దెబ్బతిని గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. నిద్ర ముక్కలు కావడంతో మెదడుకు విశ్రాంతి దొరకక జ్ఞాపకం, ఏకాగ్రత తగ్గుతాయి. శబ్దం ఒక్కటే కారణమని చెప్పలేనంటూ మాత్ర రాసిచ్చింది.

అపార్ట్‌మెంట్ లీజ్ పొడిగించాలో వద్దో చెప్పడానికి పది రోజులే గడువు మిగిలింది. ఖాళీ చేద్దామంటే మా ఆయన కిరణ్ ఒప్పుకోలేదు. "ఆఫీస్‌కి పది నిమిషాలు. నాకు ఈ సౌండ్ అలవాటైపోయింది, నీకూ అవుతుంది" అన్నాడు. రోజంతా ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, వాల్యూమ్ పెంచుకుని పనిచేసుకునే మనిషి. వాదించి లాభం లేదనిపించింది. నాకు ఒక్కరోజు ఇవ్వమని అడిగాను. ఒలింపిక్ నేషనల్ పార్క్‌లోని హో అడవి ఈ దేశంలోని అతి నిశ్శబ్దమైన చోట్లలో ఒకటని విన్నాను. అక్కడ కూర్చున్నాక కూడా నీ మాట అదే అయితే లీజ్ మీద నేనే సంతకం పెడతానన్నాను.

అక్టోబర్‌లో ఒక శుక్రవారం సెలవు పెట్టి, తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరాం. ఎడ్మండ్స్‌లో కార్లను కూడా దాటించే మొదటి ఫెర్రీ ఎక్కితే అరగంటలో కింగ్‌స్టన్. కారుకీ ఇద్దరికీ కలిపి ముప్పై డాలర్ల దాకా అయింది. అక్కడి నుంచి పోర్ట్ ఏంజెలెస్ మీదుగా హైవే 101 పట్టుకుని, ఫోర్క్స్‌లో పెట్రోల్ నింపుకుని, తొమ్మిదింటికి పార్క్ గేటు చేరాం. ప్రవేశం కారుకి ముప్పై డాలర్లు.

నది వెంట సాగే కాలిబాటలో గంటకు పైగా నడిచాం. కొమ్మల నిండా నాచు, కాళ్ల కింద మెత్తటి నేల. బాట నదికి దూరంగా జరిగిన చోట పడిపోయిన ఒక మాను మీద కూర్చున్నాం. ఆకుల మీంచి నీటిచుక్కలు రాలడం తప్ప ఏమీ వినపడలేదు. పావుగంట గడిచేసరికి నా భుజాలు వాటంతటవే దిగాయి. ఇన్నాళ్లూ వాటిని బిగబట్టుకుని ఉన్నానని నాకే తెలియదు. పక్కకి చూస్తే కిరణ్ రెండు చెవులూ అరచేతులతో మూసి తెరుస్తున్నాడు.

"నీకేమైనా వినపడుతోందా? సన్నగా, కుయ్‌మని?" అని అడిగాడు.

లేదన్నాను. అతని ముఖం పాలిపోయింది. ఆ కూత బయటిది కాదు, అతని చెవుల్లోదే. ఎన్నాళ్లుగా ఉందో తెలియదు. ఫ్రీవే హోరు, ఇయర్‌ఫోన్స్ కలిసి దాన్ని కప్పేశాయి.

తిరుగుదారిలో, రెండింటికి ఫోర్క్స్‌లో ఒక చిన్న హోటల్లో సూప్ తాగాం. వంట చేసి వడ్డించే పెద్దావిడ తన కుడివైపుకి వచ్చి మాట్లాడమంది, ఎడమ చెవి వినపడదట. కిరణ్ తన కూత సంగతి చెప్పాడు. ఆవిడ వయసులో ఉండగా రంపపు మిల్లులో పనిచేసిందట. ఇంగ్లిష్‌లో ఆవిడ చెప్పినది ఇంచుమించు ఇది: "మొదటి ఏడాది మోతకి తల పగిలిపోయేది. తర్వాత అలవాటైందనుకున్నాను. అలవాటు కాలేదబ్బాయ్, వినపడటం తగ్గింది."

కిరణ్ చెంచా కింద పెట్టేశాడు. ఫెర్రీలో తిరిగొస్తూ అతనే ఫోన్ తీసి, లీజ్ పొడిగించడం లేదని లీజింగ్ ఆఫీస్‌కి మెయిల్ పంపాడు.

ఇప్పుడు డువాల్ అనే చిన్న ఊళ్లో, పెద్ద రోడ్డుకి దూరంగా ఉంటున్నాం. కిరణ్ ఆఫీస్‌కి అరగంట డ్రైవ్ చేస్తున్నాడు. అతని చెవులు పరీక్ష చేస్తే సన్నని శబ్దాలు వినే శక్తి కొంత పోయిందని తేలింది. పోయింది తిరిగి రాదు కానీ మిగిలింది కాపాడుకోవచ్చన్నారు. నా మాత్ర ఇంకా ఆగలేదు. తెల్లారేదాకా మెలకువ రాకుండా నిద్రపోతున్నాను, బీపీ కొద్దికొద్దిగా దిగుతోంది. ఇల్లు మారినందుకేనా అంటే డాక్టర్ లాగే నేనూ ఖాయంగా చెప్పలేను. కానీ హోరులో బతికినన్నాళ్లూ నా గుండె, అతని చెవులు చెప్పేది మేం వినలేదు. అందరూ ఇల్లు మారలేరని తెలుసు. కిటికీకి మందపాటి తెర వేయడం, మంచం రోడ్డువైపు గోడకి దూరంగా జరపడం మాత్రం ఎవరైనా చేయగలరు. అవి చేయకుండా మేం నాలుగేళ్లు గడిపాం.

హో అడవికి వెళ్లాలనుకునేవారికి ఒక్క సూచన: వేసవిలో తొమ్మిది దాటితే గేటు దగ్గర కార్లు బారులు తీరతాయి, కాబట్టి మామూలు పనిరోజున, అక్టోబర్‌లో వెళ్లండి, రెయిన్‌కోట్ మాత్రం మరవకండి.