మాటకు ముందు దగ్గు

“...పొద్దస్తమానం ఆ డొక్కు పెట్టెని చెవికి ఆనించుకుని కూర్చుంటే వాడు నడిచొస్తాడా?”

“రాకపోతే మానె, మాటైనా వినపడుతోంది కదత్తయ్యా.”

“వీధి చివర గేట్లో నిలబడ్డవాణ్ణి పెట్టెలో వినాల్సిన ఖర్మ నాకేంటమ్మాయ్? నేను వెళ్ళి చూసొస్తా.”

“ఇంటివాళ్ళు గేటు దగ్గరికి వస్తే ఆయన్ని మళ్ళీ దూరంగా వేసేస్తామని మీసాలాయన చెప్పాడు. నా మాట వినండి.”

“కన్నతల్లిని ఆపే మీసాలు ఇంకా మొలవలేదులే!”

అత్తగారు క్యారేజీ సర్దుకుని విసవిసా వెళ్ళిపోయింది. కోడలు వాకీటాకీ వెనక మూత బిగించింది. ఆ ముందుగదే ఆమె దుకాణం. రేడియోలూ ఫ్యాన్లూ బాగుచేస్తుంది. ఈమధ్య బల్లమీద సగం దళంవాళ్ళ సెట్లే.

ఊళ్ళో వరసగా దొంగతనాలు జరుగుతుంటే పోలీసులు చూస్తాం చూస్తాం అంటూ కాలం గడిపారు. చివరికి గిడ్డంగుల యజమాని సొంత ఖర్చుతో మనుషుల్ని కాపలా పెట్టాడు. అలా పుట్టింది దళం. మొదట్లో వీధి వీధంతా ఆయనకు దండం పెట్టింది. తలుపులు తీసుకునే పడుకున్నారు. తర్వాత వీధుల చివర గేట్లు లేచాయి. గేటు దాటాలంటే చీటీ కావాలన్నారు. చీటీ లేనివాణ్ణి కొట్టినా ఇదేమిటని అడిగే నాథుడు లేకపోయాడు. బస్సు డిపో మూతపడి ఖాళీగా ఉన్న ఆమె భర్త అప్పటికే అందులో చేరాడు. తిండీ నిద్రా వాళ్ళ బసలోనే. ఇల్లు కూతవేటు దూరం, సెలవు మాత్రం దొరకదు.

అతనికో అలవాటు. నోరు తెరిచే ముందు మొహమాటంగా చిన్నగా దగ్గుతాడు. పెళ్ళయిన కొత్తలో, “ఉప్పు అందించమనడానికి కూడా ఉపోద్ఘాతమా?” అని ఆమె ఎగతాళి చేసేది. ఇప్పుడు బాగుచేసిన సెట్టును పరీక్షించే వంకతో దళం చానల్ పెట్టుకుని ఆ దగ్గు కోసమే కాచుక్కూచుంటుంది. ఒక దగ్గు, వెంటనే “గిడ్డంగి గేటు, అంతా మామూలే.” అది వింటే ఆ పూటకి అన్నం సయిస్తుంది.

దళం సామాన్లు చూసుకునే మీసాలాయన నిన్న వచ్చి, “నీ పనితనానికి పెద్దాయన మెచ్చుకున్నాడు చెల్లెమ్మా. మీ ఆయన్ని మీ వీధికే వేశాం,” అన్నాడు. ఇన్నాళ్ళూ వంచిన నడుం నెప్పి ఒక్కసారిగా తీసేసినట్టయింది ఆమెకు. ఇవాళ గేటు, రేపు గుమ్మం అనుకుంది.

సెట్టు గరగరలాడింది.

“వీధి గేటు. ఎవరో ముసలావిడ. చీటీ లేదు, గొడవ చేస్తోంది. వెనక్కి తోలేస్తున్నా.”

అతని గొంతే. దగ్గు లేదు.

మొదటి ముక్క తెగిపోయిందేమో అనుకుంది. అతని సెట్టు కూడా తన చేతిమీదుగా వెళ్ళిందే. మాట్లాడే మీట దగ్గర తీగ సరిగా అతకలేదేమో. సెట్టు గొంతు తగ్గించకుండా మళ్ళీ కాచుకుంది.

“వీధి గేటు. అంతా మామూలే.”

ఈసారీ లేదు.

అత్తగారు వచ్చి క్యారేజీ బల్లమీద పెట్టింది. మూత తీసినట్టు లేదు. మోచేతికి దుమ్ము.

“తిన్నాడా?”

“పనిలో ఉన్నాడు పాపం. తర్వాత తింటానన్నాడు.”

“మరి క్యారేజీ తెచ్చేశారే?”

“అక్కడ పెట్టుకునే చోటేదీ!”

“చిక్కాడా?”

“ఏమో. టోపీ కిందికి దించుకున్నాడు, మొహం సరిగా కనపళ్ళేదు.”

కోడలు తడిగుడ్డ తెచ్చి ఆమె మోచెయ్యి తుడిచింది.

“మాట్లాడే ముందు దగ్గాడా అత్తయ్యా?”

అత్తగారు సెట్టు వంక చూసింది, కోడలి వంక చూసింది. “లేదమ్మా,” అంది.

సాయంత్రం మీసాలాయన వచ్చాడు. ఆమె సెట్లన్నీ, మూతలు విప్పినవి విప్పినట్టే, సంచిలో వేసి అతని చేతికిచ్చింది.

“అన్నా, ఇకమీదట మీ సెట్లు నేను బాగుచెయ్యను,” అంది.