ముగ్గురు పట్టే పడవ

నా చిన్నప్పుడు మాకో పడవ ఉండేదంటే మా మనవరాలు నమ్మదు. మౌలాలి రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లకు పడవేంటి నానమ్మా అంటుంది. ఉండేది మరి! ఆదివారం చర్చి అయ్యాక అమ్మనూ నన్నూ చెరువులో తిప్పడానికి మా నాన్న కొన్న చిన్న తెడ్ల పడవ. దాని పక్కచెక్క మీద రిజిస్ట్రేషన్ నంబరు, నంబరు కింద 'ముగ్గురు' అని రాసి ఉండేది.

నాకు పదేళ్లప్పుడు నాన్న జ్వరంతో పోయాడు. నేను ఏడవలేదు. ధైర్యం కాదు, పాడూ కాదు; లోపల ఏమీ కదల్లేదంతే. అన్నం పెడితే తిన్నాను, పడుకోమంటే పడుకున్నాను.

ఆ నెలంతా అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగింది. రేషన్ కార్డులో నాన్న పేరు కొట్టేశారు. ఇంకా ఏవేవో కాగితాల్లోనూ కొట్టేశారు. చివరికి పడవ మిగిలింది. రిజిస్ట్రేషన్ అమ్మ పేరుకు మారకపోతే దాన్ని నీళ్లలోంచి తీసేయాలని రూలు. నాన్నది అదొక్కటైనా ఉంచుకోవాలని అమ్మ పట్టుదల. ఫీజు కట్టి, తనిఖీకి వచ్చిన గుమాస్తాతో, "ముగ్గురు తీసేసి ఇద్దరని రాయండి అన్నగారూ, ఇప్పుడు మేమిద్దరమే" అంది. ఇదీ రేషన్ కార్డు లాంటిదే అనుకుంది పాపం.

ఆయన అమ్మ ముఖం చూసి, "ఎక్కుండ్రి" అన్నాడు. మేమెక్కాక చెప్పులు విడిచి, నాన్న కూర్చునే చెక్క మీద తనే కూర్చున్నాడు. పడవ కొంచెం దిగింది. నీళ్లు దాటకూడదని పక్కచెక్క మీద గీసిన తెల్లగీత మాత్రం ఇంకా నీళ్లపైనే ఉంది.

"ఇంట్ల ఎంతమందున్నరో రాయం అమ్మా. పడవ ఎంతమందిని మోస్తదో గదే రాస్తం. ముగ్గురిని మోస్తది. నేనెట్ల తక్కువ రాస్తా?"

ఒడ్డుకు వచ్చాక కుంచె నా చేతికిచ్చాడు. "రంగు పోయింది. జెర దిద్దు బిడ్డా."

'ముగ్గురు' అన్న అక్షరాలు దిద్దాను. అప్పుడూ నాకు ఏడుపు రాలేదు. అమ్మే ఏడ్చింది.

పోయినేడు మా ఆయన పోయాడు. ఇప్పుడూ అంతే, కళ్లు తడవలేదు; చేతిలో టీ చల్లారినా తెలియదు. ఒక్కదానివే కదా, అంత పెద్ద భోజనాల బల్ల ఎందుకు, తీసేద్దాం అన్నారు పిల్లలు. వద్దు, నలుగురు పట్టేదాన్ని నలుగురికే ఉండనివ్వండి అన్నాను. నిన్న మధ్యాహ్నం పక్కింటావిడ భోజనానికి వచ్చి, మా ఆయన కుర్చీ దగ్గర తటపటాయిస్తూ నిలబడింది.

"కూర్చోమ్మా" అని నేనే కుర్చీ లాగాను.