మూసేసిన ఫిర్యాదులు

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నాకు లోకమంతా ఫిర్యాదుల జాబితాలా కనిపించేది. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం నా పని. ప్రతి తప్పుకూ ఒక నంబరు, సరయ్యాక 'మూసివేత'. మూసినదాన్ని మళ్ళీ తెరవడం మా టీములో నామోషీ. (నా కొంప ముంచింది ఈ నామోషీయే.)

రెండు నెలలైనా దగ్గు తగ్గకపోతే ఎక్స్‌రే తీయించాను. కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ, దాని మధ్య గుల్ల. మొదటి డాక్టరు ఫిల్మును వెలుతురుకు పట్టుకుని, "టీబీ లాగుంది, కఫం పరీక్ష చేయించు" అన్నాడు. నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు! ఆయన అనుమానం కొత్తగూడలోని మా హాస్టల్ చేరేసరికి నిర్ధారణ అయిపోయింది. హాస్టల్ నడిపే అక్క నా కంచానికి ఎర్రటి గోళ్ళరంగుతో గుర్తు పెట్టింది.

"ఏందక్కా ఇది?"

"ఏమనుకోకు తమ్మీ. ముప్పై మంది తినే జాగ. రిపోర్టు మంచిగ రాకుంటే రూము ఖాళీ చెయ్యాలె."

ఒళ్ళు మండిపోయింది. కఫంలో క్రిమి లేదని రెండుసార్లు తేలినా ఆ గుర్తు చెరగలేదు. చివరికి ఊపిరితిత్తుల డాక్టరమ్మ దగ్గరకు నలభై ఒక్క వరుసల పట్టికతో వెళ్ళాను: దగ్గిన వేళ, ఎన్నిసార్లు, అప్పుడు ఏసీ ఎంతలో ఉంది. ఆవిడ ఓపికగా చదివారు.

"ఇంకేమైనా ఉందా బాబూ?"

"లేదు మేడమ్."

"కళ్ళు ఎప్పుడైనా ఎర్రబడ్డాయా?"

"ఆ, చుక్కలు వేసుకున్నాను. అది మూసేశాను."

"కాళ్ళ మీద గడ్డలు?"

"మోకాళ్ళ కింద వచ్చాయి. కొత్త బూట్ల వల్ల. అదీ మూసేశాను."

"ఎవరు మూశారు?"

"నేనే."

ఆవిడ పెన్ను కింద పెట్టారు. "ఉన్నది ఒక్క ఒళ్ళే కదయ్యా, మూడు ముక్కలు చేశావేంటి?"

గొట్టం వేసి ఊపిరితిత్తి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించారు. సార్కాయిడోసిస్ అని తేలింది. ఒంటిని కాపాడే కణాలే గుంపులు కట్టి గడ్డలయ్యే జబ్బు; కళ్ళ ఎరుపూ, కాళ్ళ గడ్డలూ దాని పనే; ఎవరికీ అంటదు. ఇలా గుల్లపడి టీబీ వేషం వేయడం మాత్రం అరుదట.

రిపోర్టు అక్క చేతిలో పెట్టి, దాచుకున్న కోపమంతా కక్కబోయాను. ఆమె నా కంచంలోనే అన్నం పెట్టుకుని, అందరి ముందూ నా ఎదురుగా కూర్చుని తిన్నది. "ఇగ అయిపాయె గద తమ్మీ?"

అంత తేలిగ్గానా? గదికెళ్ళి, నాకు అన్యాయం చేసినవాళ్ళ జాబితా రాశాను. ఒకటి, ఆ డాక్టరు. రెండు, అక్క. మూడో గడిలో ఎవరి పేరుండాలో తెలిసీ ఖాళీగా వదిలేశాను. ఆ ఫైలు ఇంకా నా దగ్గరుంది. అప్పుడప్పుడు తెరిచి, ఆ గడి నింపుదామనుకుంటాను. పాపం, అప్పటికే చాలా దగ్గాడు కదా అని వదిలేస్తాను.